లొద్దిలో హాజరు

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్ నడుస్తుండగా నా ఫోన్ తెర మీద 'సారు' అని వెలిగింది. సారు ఎప్పుడూ ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేసేవారు. ఈసారి ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. బయటికొచ్చి ఎత్తితే సారు భార్య గొంతు. "సారు ఇగ లేడు బిడ్డా," అంది. "పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. నేను బియ్యం కడిగొచ్చేసరికి అయిపోయింది." ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు సరిగ్గా వినబడలేదు.

లోపలికెళ్లి ల్యాప్‌టాప్ మూసేసి, "మా సారు పోయారు" అన్నాను. "ఏ సార్?" అని అడిగారు మావాళ్లు. ఏమని చెప్పను? ఒకప్పటి ఇంటి ఓనరు అనాలా, గవర్నమెంటు హైస్కూలు సైన్సు సారు అనాలా, గుడ్లగూబల సారు అనాలా? చుట్టం కాదు, మా ఊరి మనిషి కాదు, మా యాస కాదు. "మా సారు" అని మళ్లీ అదే మాట అని వచ్చేశాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేనే రాస్తున్నాను. ఎందుకంటే నేనాయనకు ఒక అబద్ధం ఆడాను. మామూలు అబద్ధమైతే ఈపాటికి మరిచిపోయేదాన్నే. మా ఇద్దరికీ మాటలు పోయి, మళ్లీ కలిసింది ఆ అబద్ధం వల్లే అని ఇన్నేళ్లూ నమ్మాను. అంటే ఆ తర్వాత ఆయన చూపించిన ఆప్యాయతంతా నేను మోసం చేసి పుచ్చుకున్నట్టే కదా! ఒప్పుకుందాం, ఈ శనివారం ఒప్పుకుందాం అనుకుంటూ వాయిదాలు వేశాను. నా మొహం, మనుషులు అలాగే ఉండిపోతారనుకున్నాను.

నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చిన కొత్తల్లో కొత్తగూడలో వాళ్ల ఇంటి పైన ఒక గది, వంటిల్లు కిరాయికి తీసుకున్నాను. ఒంటరి ఆడపిల్లకు ఇల్లివ్వడానికి ఆ వీధిలో ఎవరూ ఒప్పుకోలేదు. సారు భార్య, నేను అమ్మ అని పిలిచే ఆవిడ, నా మెడలో సిలువ చూసి "ఆదివారం చర్చికి పోతవా?" అని అడిగింది. పోతానన్నాను. "దేవుడంటే భయమున్న పిల్ల" అని సారుకు చెప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది. పాపం ఆవిడకేం తెలుసు, సగం ఆదివారాలు నేను పన్నెండింటిదాకా మంచం దిగేదాన్ని కాదు.

ఒక శనివారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. పెద్ద కారణమేమీ లేదు. ఆ వారమంతా పని మాటలు తప్ప నాతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదని ఉన్నట్టుండి తట్టింది, అంతే. సారు భుజాన గుడ్డసంచీ, చేతిలో ఫ్లాస్కుతో స్కూటర్ తీస్తూ ఆగారు.

"ఏంది మేడం, గిట్ల కూసున్నవ్?"

"ఏం లేదు సార్."

"గుడ్లగూబను చూసినవా ఎన్నడన్న?"

"మా మేనేజర్‌ని రోజూ చూస్తూనే ఉన్నాను సార్."

ఆయన నవ్విన నవ్వుకు అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "నడువు," అన్నారు సారు, "అసలుదాన్ని చూపిస్త." అమ్మ నెత్తి కొట్టుకుంది. "పిల్లను గూడ ఆ పాడు పిట్టల కాడికి తీస్కపోతవా? నీకొక్కనికి పట్టిన పిచ్చి సాలదా?" అని తిడుతూనే ఫ్లాస్కులో ఇంకో కప్పు చాయ్ పోసింది, కాగితంలో ఉస్మానియా బిస్కెట్లు చుట్టి ఇచ్చింది.

ఖాజాగూడ చెరువు దాటాక ఆ రోజుల్లో రోడ్డు సన్నగా ఉండేది. స్కూటర్ ఒక చోట ఆపి, ముళ్లకంపల మధ్య నుంచి పావుగంట నడిస్తే రెండు గుట్టలు ఎదురెదురుగా నిలబడి ఉండేవి. వాటి నడుమ లోతుగా, సన్నగా ఒక దారి. రెండు వైపులా నాలుగంతస్తుల ఎత్తు బండలు. అడుగున వానాకాలం మాత్రం పారే చిన్న వాగు. "దీన్ని లొద్ది అంటం మేము," అన్నారు. "ఇగ ఇక్కడికెల్లి మాట్లాడొద్దు."

ఆయన పద్ధతి ఆయనది. పొద్దు గుంకిన దగ్గర్నుంచి నలభై నిమిషాలు కూర్చోవాలి. మాట లేదు, ఫోన్ లేదు, లైటు లేదు. నేను మొదటిరోజే పది నిమిషాలకు సణగడం మొదలుపెట్టాను. ఆయన నా చెవి దగ్గరికి వంగి, "చెవులకు గూడ రెప్పలుంటయ్ బిడ్డా. అవి తెరుసుకునేదానికి జర టైమ్ పడ్తది," అన్నారు. ఎంత విసుగొచ్చిందో! దోమలు కుడుతున్నాయి, కింద బండ ఇంకా వేడిగా ఉంది. కానీ కాసేపటికి నిజంగానే ఒక్కొక్కటీ వినబడటం మొదలైంది. ఎండుటాకు మీద ఏదో పాకడం, పైన గబ్బిలాల రెక్కలు, నా ఊపిరి. చివరికి ఎదుటి గుట్ట మీద నుంచి ఒక గొంతు. ఖాళీ గంగాళంలోకి ఎవరో వంగి పిలిచినట్టు, బరువుగా, "బుబ్... బో" అని. సారు నాకు మాత్రమే వినబడేంత మెల్లగా, "హాజర్," అన్నారు.

అప్పుడు చూశాను ఆ రిజిస్టర్‌ను. స్కూల్లో పిల్లలకు వేసే హాజరు పట్టీయే, మిగిలిపోయినదాన్ని తెచ్చుకున్నారు. పిల్లల పేర్లుండాల్సిన చోట పిట్టల పేర్లు. కొమ్ముల గుడ్లగూబ, మగ. కొమ్ముల గుడ్లగూబ, ఆడ. చిన్న గుడ్లగూబ. పొద్దుగూకాక నేల మీద వాలి కూర్చునే ఇంకో పిట్ట ఉంది. స్టీలు పళ్లెం గచ్చు మీద పడి తిరిగి తిరిగి ఆగినట్టుంటుంది దాని కూత. నేనది చెబితే ముచ్చటపడి, దాని అసలు పేరు కొట్టేసి 'పళ్లెం పిట్ట' అని రాసుకున్నారు. పిట్టల కింద మనుషులు. 'సారు' అని తన పేరు, దాని కింద కొత్తగా 'మేడం' అని నా పేరు. వచ్చినవాళ్లకు 'హా', రానివాళ్లకు 'గై'. టార్చికి పెళ్లి కానుక మీది ఎర్ర కాగితం రబ్బరు బ్యాండుతో కట్టి, ఆ వెలుగులో రాసేవారు. పిట్టలకు ఎర్ర వెలుగైతే అంత ఇబ్బంది ఉండదట.

"విన్నదే రాయాలె," అనేవారు. "ఇనకుంటే గై పెట్టాలె. గడి మాత్రం ఖాళీ ఉంచొద్దు." రిజిస్టర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. చూస్తానని చెయ్యి చాపితే, "హాజరు పట్టీ పిల్లల చేతికిస్తరా ఎవరన్న?" అని సంచీలో పెట్టేసుకునేవారు.

అలా శనివారాలు సాగాయి. కింద నుంచి మెట్ల రెయిలింగ్ మీద టార్చితో మూడుసార్లు ఠంగ్ ఠంగ్ ఠంగ్ అని కొట్టేవారు. అది నాకు పిలుపు. జుట్టు ముడేసుకుని పరుగెత్తేదాన్ని. తిరిగొచ్చాక అమ్మ ఇద్దర్నీ గేటు దగ్గరే నిలబెట్టి కాళ్లు కడిగించి, దిష్టి తీసిగానీ లోపలికి రానిచ్చేది కాదు. ఆ రోజుల్లో నాకు ఈ మహానగరంలో వారానికి ఒక్కరోజు ఇల్లు ఉండేది.

సారుకు కోపం రావడం ఒక్కసారే చూశాను. కెమెరాలేసుకున్న నలుగురు లొద్దిలోకి వచ్చి, స్పీకర్‌లో గుడ్లగూబ కూత పెట్టారు. ఎదుటి గుట్ట మీది మగపక్షి గూడొదిలి విసురుగా వచ్చి వాళ్ల తలల మీదుగా తిరిగింది. వాళ్లు టపటపా ఫొటోలు కొట్టారు. "ఎవలో ఒకల ఇంటి ముంగట నిలవడి, ఈ ఇల్లు నాదని ఒర్లితే బయటికి ఉరకరా?" అని సారు కేకేశారు. "అది మిమ్మల్ని చూడొచ్చిందనుకుంటున్రా? పిల్లలనొదిలిపెట్టి కొట్లాడొచ్చింది. పిలువొద్దు. కూసోండ్రి. వస్తే వస్తది, లేకుంటే లేదు." వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఆ మాటను నేను మనసులో పెట్టుకోలేదు, అదే నా తప్పు.

ఇంతలో ఉద్యమం ఊపందుకుంది. మా జంక్షన్లో టెంట్ పడింది. సారు స్కూలు మూశాక, సమ్మె రోజుల్లో అయితే పొద్దున్నుంచే, మెడలో కండువాతో అక్కడ కూర్చునేవారు. మొదట్లో దాని గురించి మా మధ్య తగువేమీ లేదు. ఆయన వాదన ఆయన చెప్పేవారు, నా వాదన నేను చెప్పేదాన్ని, అమ్మ మధ్యలో వచ్చి "తినుండ్రి, సల్లారిపోతది" అనేది. లొద్దిలోకి వెళ్తే మాట్లాడకూడదు కాబట్టి ఆ గొడవ ఇంటి దగ్గరే ఉండిపోయేది. ఊరంతా రెండుగా చీలి అరుచుకుంటున్న రోజుల్లో మేమిద్దరం నలభై నిమిషాలు ఒకే బండ మీద పక్కపక్కన కూర్చునేవాళ్లం.

ఒక బంద్ రోజు అది చెడింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. మాదాపూర్ నుంచి నడిచి వచ్చాను. ఆఫీసులో ఒక పని నా వల్లే ఆగిందని ఎవరో అరిచారు. దారిలో టెంట్ దగ్గర ఒకడు నా బ్యాగు చూసి, "ఆంధ్రోళ్లు ఎప్పుడు పోతరు?" అన్నాడు. సారు టెంట్ లోపల ఎక్కడో ఉన్నారు, ఆయనకు అది వినబడలేదు. నాకు మాత్రం ఆయనే అన్నట్టు అనిపించింది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే మెట్ల మీద నుంచే ఎత్తుకున్నాను.

"మీరు గుట్టల్లో కూర్చుని గుడ్లగూబలకు హాజరు వేసుకుంటుంటే, మేమొచ్చి ఈ ఊరికి వెలుగు తెచ్చాం సార్. మేం రాకపోతే ఇక్కడేముంది, రాళ్లు తప్ప?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. అమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. సారు కాళ్లు కడుక్కుంటున్నారు. మగ్గు పక్కన పెట్టి, "నిజమే. మస్తు వెలుగు తెచ్చిన్రు," అన్నారు. అంతే. కోప్పడలేదు. లోపలికి వెళ్లిపోయారు.

ఆ శనివారం రెయిలింగ్ మోగలేదు. మరుసటి శనివారమూ మోగలేదు. స్కూటర్ చప్పుడు వినబడేది, ఆయనొక్కరే వెళ్లేవారు. నేను కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. దిగి వెళ్లి క్షమించమని అడగడానికి ఎంతసేపు పడుతుంది? పొగరు. ఆయన ముందు అడగాలని నేను, నేను ముందు అడగాలని ఆయన అనుకున్నామేమో. చలికాలం అలాగే వెళ్లిపోయింది. కింద వాళ్లు అన్నం తింటున్న చప్పుడు, పైన నేను తింటున్న చప్పుడు. అంత ఒంటరితనం నేను ఆ ఊరికి వచ్చిన మొదటి వారంలో కూడా పడలేదు.

అమ్మే ఒకరోజు బట్టలారేస్తూ చెప్పింది. "గుట్ట అవుతల బండలు పేలుస్తున్నరట బిడ్డా. మీ సారు పిట్ట ఒర్లక మూడు నెలలాయె. పోతడు, కూసుంటడు, ఉత్తగ వస్తడు. అన్నం సుత సక్కగ తింటలేడు." అవతల ఏదో పెద్ద కట్టడం లేస్తోంది. నాలాంటి వాళ్లకోసమే. మా కంపెనీ కూడా అటే మారుతుందని అప్పటికే అనుకుంటున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను చేసిన పని ఇది. నెట్‌లో వెతికి కొమ్ముల గుడ్లగూబ కూత ఒకటి ఫోన్‌లోకి దించుకున్నాను. మే నెల శనివారం. లొద్దిలో చుక్క నీళ్లు లేవు, చెరువే సగం ఎండిపోయింది. సాయంత్రం నేనే కిందికి దిగి, వాళ్ల కిటికీ ఊచ మీద మూడుసార్లు కొట్టాను. సారు బయటికొచ్చి నన్ను చూశారు. ఫ్లాస్కు తెచ్చి నా చేతిలో పెట్టి స్కూటర్ తీశారు.

బండ మీద మా చోట్లలో మేం కూర్చున్నాం. చీకటి పడింది. అరగంట దాటినా ఒక్క కూత లేదు. ఆయన తల కొంచెం పక్కకు వంచి, నోరు తెరిచి వింటున్నారు. ఆ నోరు తెరిచి వినడం ఇక చూడలేకపోయాను. ఇప్పుడే వస్తానని సైగ చేసి, బండ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను. ఫోన్‌ను రాతి సందులో పెట్టి నొక్కాను. "బుబ్... బో." ఆగింది. మళ్లీ నొక్కాను. మూడుసార్లు. తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చున్నాను.

సారు పక్కకు వంచిన తల ఎత్తారు. తర్వాత, "ఇన్నవా బిడ్డా?" అన్నారు.

"విన్నాను సార్."

"నేను గూడ ఇన్న."

ఎర్ర టార్చి వెలిగించి రిజిస్టర్ తీశారు. ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువసేపు రాశారు. రాశాక ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ముందు నాకిచ్చారు. నేను పుచ్చుకుంటూ భోరుమన్నాను. "ఊకో," అన్నారు. నా తల మీద చెయ్యి పెట్టి, "ఊకో, గా మాట నేనెప్పుడో మరిచిన," అన్నారు. ఇంటికొస్తే అమ్మ మా ఇద్దరి మొహాలు చూసి, కాళ్లు కడిగించడం కూడా మరిచిపోయింది.

అబద్ధం అంత తేలిగ్గా పని చేసింది. ఆ గుడ్లగూబ మళ్లీ కొన్నాళ్లకు నిజంగానే వచ్చింది, వానలు పడ్డాక. అప్పుడు సారు "హాజర్" అన్నప్పుడల్లా నాకు సూదితో పొడిచినట్టుండేది. విన్నదే రాయాలన్న మనిషి రిజిస్టర్లో నేనొక దొంగ హాజరు వేయించాను.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా పటాకులు. అమ్మ మిఠాయి తెచ్చి నా నోట్లో పెట్టింది. సారు కళ్లు తుడుచుకుంటూ జంక్షన్ నుంచి వచ్చారు, వస్తూనే రెయిలింగ్ మీద మూడు దెబ్బలు. "గుట్టకు పోదామా?" అన్నారు. ఆ గోలలో పిట్ట ఎక్కడ వినబడుతుంది! నలభై నిమిషాలూ కూర్చున్నాం. ఒక్కటీ లేదు. ఆయన వరసగా గై, గై, గై అని రాస్తుంటే, "ఇంత మంచి రోజున పేజీ అంతా గైయేనా సార్?" అన్నాను. "నిజం గదా బిడ్డా," అని నవ్వారు.

తర్వాత నేను తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయాను. ఉద్యోగం పెద్దదైంది, బాధ్యతలు పెరిగాయి అని చెప్పుకుంటాం కదా, అదే. దూరమేమీ కాదు, అరగంట. సారు రెయిలింగ్ మీద కొట్టడానికి వీల్లేక, శనివారం సాయంత్రం ఫోన్‌కు ఒక్కొక్క రింగ్ చొప్పున మూడుసార్లు ఇచ్చేవారు. మొదట్లో వెళ్లేదాన్ని. తర్వాత "వచ్చే వారం సార్" అని మెసేజ్ పెట్టేదాన్ని. ఆ తర్వాత అదీ మానేశాను. పోయిన నెల ఒక శనివారం ఆ మూడు రింగులు వచ్చినప్పుడు నేను ఖాళీగానే ఉన్నాను. సోఫాలో కూర్చుని ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను. ఆగిపోయేదాకా చూశాను. ఇది కూడా ఒప్పుకోవాల్సిందే.

గురువారం మూడో రోజు. వాళ్ల పద్ధతి ప్రకారం శ్మశానం గోడ పక్కన పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, కూర, ఆయనకిష్టమైన సర్వపిండి, ఒక గ్లాసులో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ కదలకూడదు. ఎంతసేపైనా ఒక్క కాకీ రాలేదు. చుట్టూ చెట్లుంటే కదా! "ఏదో మనసుల మిగిలిపోయింది సారుకు," అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు లేచి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "కా, కా" అని పిలవడం మొదలుపెట్టారు.

అమ్మ తలెత్తింది. మూడు రోజుల నుంచి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "పిలువకుండ్రి," అంది. "ఆయనకు పిలుసుడు నచ్చది. కూసోండ్రి అందరు. నలభై నిమిషాలు గాంది ఆయన ఎన్నడన్న లేచిండా?"

అందరం కూర్చున్నాం. ఎండ మండుతోంది. ఎంతసేపటికో ఒక కాకి గోడ మీద వాలి, అటూ ఇటూ చూసి, దిగి బిస్కెట్ ముక్క ఎత్తుకుపోయింది. నా నోటి నుంచి "హాజర్" అని వచ్చేసింది. అమ్మ నా వైపు చూసి, ఏడుస్తూనే నవ్వింది.

ఇంటికొచ్చాక ఆ గుడ్డసంచీ నా ఒళ్లో పెట్టింది. "నేనేం జేస్త బిడ్డా దీంతోని? నువ్వే ఉంచుకో." టార్చి, ఎర్ర కాగితం, పెన్ను, రిజిస్టర్లు. ఆ ఒక్కటే అనుకున్నాను, నాలుగున్నాయి. నేను కావాలనే ముందుగా ఆ మే నెల పేజీ వెతికాను. కొమ్ముల గుడ్లగూబ, మగ. ఆ శనివారం గడిలో ఏముంటుందో నాకు తెలుసు.

'గై' అని ఉంది.

ఆడ, గై. చిన్న గుడ్లగూబ, గై. పళ్లెం పిట్ట, గై. సారు, హా. మేడం వరసలో చలికాలం నుంచి అన్నీ గైలే, ఆ రోజు గడిలో మాత్రం పెద్దగా 'హా'. పేజీ చివర, పిల్లల గురించి సార్లు రాసే చోట, ఆయన గుండ్రటి అక్షరాలు: 'ఎండాకాలం. లొద్దిలో చుక్క నీరు లేదు. అయినా గుడ్లగూబతో పాటు కప్పలు అరిచినవి. మేడం తిరిగి వచ్చింది. సంతోషం.'

నాకు ముందు అర్థం కాలేదు. ఫోన్ తీసి నెట్‌లో ఆ పాత కూతను వెతికి పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. "బుబ్... బో." దాని వెనక, సన్నగా, ఏదో చెరువు గట్టున రికార్డు చేశారేమో, బెకబెకమని కప్పలు. నేను ఏనాడూ వినలేదు. నా చెవి రెప్పలు అప్పటికి తెరుచుకోలేదు మరి. సారు మొదటి కూతకే పట్టేశారు. ఆ రోజు ఆయన "హాజర్" అనలేదని కూడా నాకు అప్పుడే గుర్తొచ్చింది. తెలిసే చాయ్ పోశారు, తెలిసే నా తల మీద చెయ్యి పెట్టారు. పిలవొద్దన్న మనిషి, నేను చేసినదానికి నన్నొక్క మాట అనలేదు. ఇన్నేళ్లూ నేను మోసం చేసి పుచ్చుకున్నాననుకున్నదంతా ఆయన కళ్లు తెరిచే ఇచ్చారు. అమ్మ ఒళ్లో తలపెట్టి, చిన్నపిల్లలా ఏడ్చాను.

తర్వాత మిగతా రిజిస్టర్లు తిరగేశాను. నేను తెల్లాపూర్ వెళ్లిపోయాక కూడా ఆయన నా పేరు కొట్టేయలేదు. కొత్త రిజిస్టర్ మొదలుపెట్టినప్పుడల్లా, పిట్టల తర్వాత, సారు కింద, మళ్లీ 'మేడం' అని రాసుకున్నారు. సారు, హా. మేడం, గై. సారు, హా. మేడం, గై. అలా పేజీలకు పేజీలు. ఒక్క గడీ ఖాళీ లేదు.

నిన్న శనివారం. ఒక్కదాన్నే వెళ్లాను. ఖాజాగూడ దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు పట్టింది. గుట్టల చుట్టూ గోడ కట్టారు, ఒక చోట కూలిన సందులోంచి దూరాను. లొద్ది ఇంకా ఉంది, సగమే. అవతల టవర్ల లైట్లు బండల మీద పడి పూర్తిగా చీకటనేదే పడలేదు. వాటిలో ఒక టవర్‌లో మా ఆఫీసుంది. మా అంతస్తు ఏదో లెక్కపెట్టబోయి మానేశాను. ఫోన్ ఆపేసి సంచీలో పెట్టాను. మా బండ మీద, నా చోట్లోనే, ఆయన చోటు వదిలి కూర్చున్నాను.

నలభై నిమిషాలు. గుడ్లగూబ కూయలేదు. రోడ్డు హోరు తప్ప చాలాసేపు ఏమీ లేదు. చివర్లో, గోడ అవతల ఎక్కడో, స్టీలు పళ్లెం ఒకటి కిందపడి తిరిగి తిరిగి ఆగింది. "హాజర్," అన్నాను పైకే. పక్కన ఎవరూ లేరు కాబట్టి మెల్లగా అనాల్సిన పనిలేదు.

ఎర్ర కాగితం టార్చికి కట్టి రిజిస్టర్ తెరిచాను. కొమ్ముల గుడ్లగూబ, మగ, గై. ఆడ, గై. చిన్న గుడ్లగూబ, గై. పళ్లెం పిట్ట, హా. కిందికి వచ్చాను. సారు వరస దాటేసి ముందు నాది రాసుకున్నాను. మేడం, హా. ఇన్నేళ్ల తర్వాత మొదటి హా అది.

ఇంకొక్క గడి మిగిలింది. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆయనుంటే ఊరుకునేవారు కాదు. సారు వరసలో 'గై' అని రాసి, సిరా ఆరేదాకా టార్చి ఆర్పకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.